పాజిటివ్ అన్న మాట

చిన్నమనూరు
14 జూన్ 2022

కణ్ణు అభిరామీ,

నువ్వు కోయంబత్తూరు నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా అత్త తీయడం లేదని మీ నాన్న నొచ్చుకున్నాడట. కోపం కాదమ్మా. గొంతులో ఎడమవైపు ముల్లు దిగినట్టుంటుంది. నాలుగు మాటలు మాట్లాడేసరికి చెవి దాకా లాగుతుంది. ద్రాక్ష తోట ఈ చివర నిలబడి ఆ చివర కోత కోసేవాళ్లను పిలిచినదాన్ని, ఇప్పుడు వంటింట్లో నుంచి ముందు గదికి వినిపించలేకపోతున్నాను. అందుకే ఈ కాగితం. చిన్నప్పుడు సెలవులకు వస్తే నీ చేత తెలుగు అక్షరాలు దిద్దించాను. తమిళంలో చదువుకునే పిల్లకు ఇవి దేనికి అని మీ నాన్న నవ్వేవాడు. ఇంట్లో మీ మామకు గానీ, మా ముకుంద్‌కు గానీ, కోడలు రంజనికి గానీ తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. కాబట్టి నీకు ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు.

మెడ మీద గడ్డను సూదితో చూశారు. టాన్సిల్ దగ్గర చిన్న ముక్క తీశారు. మదురై డాక్టరు కేన్సర్ అని చెప్పినప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. పొగాకు, వక్క ఎరగనిదాన్ని. ద్రాక్షకు కొట్టే మందు ఇన్నేళ్లు పీల్చినందువల్లే వచ్చిందని నాకనిపిస్తుంది, ముకుంద్ ఒప్పుకోడు. నిన్న ఇంకో రిపోర్టు వచ్చింది. వాడు చదివి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమి రాసుండాదిరా?" అని అడిగాను.

"పి పదహారు అని ఒక టెస్టుమ్మా. పాజిటివ్ అంట."

కరోనా కాలంలో ఆ మాట విన్న ఇళ్లలో ఎవరెవరు పోయారో నాకు గుర్తుంది. ఈ పొద్దున బీరువా తాళాలు రంజని చేతిలో పెట్టాను. పళని మొక్కు ఒకటి మిగిలి ఉంది, అది మీ మామ తీర్చాలి. కెంపుల కమ్మలు నీకు.

నువ్వు ఇలాంటి ముక్కలనే మైక్రోస్కోపులో చూసే చదువు చదివావు. ఎంతకాలం ఉంటానో నీకు తెలిసే ఉంటుంది. నాకు రాయి, వీళ్లకు చెప్పవద్దు.

నిజమే రాస్తావని నమ్మే
జానకి అత్త


కోయంబత్తూరు
18 జూన్ 2022

జానకి అత్తకు,

ముందు వెళ్లి రంజని దగ్గర తాళాలు తిరిగి తీసుకోండి. తర్వాత కూర్చుని ఇది చదవండి.

మా పనిలో పాజిటివ్ అంటే 'కనిపించింది' అని మాత్రమే. కనిపించినది చెడ్డదా మంచిదా అన్నది వేరే సంగతి. మీ గొంతులో తీసిన ముక్కను మైనంలో పొదిగి, వెంట్రుక కంటే పలచగా కోసి, గాజు పలక మీద పరిచి, దాని మీద ఒక మందు వేస్తారు. పి16 అనే ప్రోటీన్ నిండుగా ఉన్న కణాలు గోధుమరంగులోకి తిరుగుతాయి. ఎన్నిసార్లు చూసినా ఆ రంగు నెమ్మదిగా తేలడం నాకు వింతగానే ఉంటుంది. మనిషికి ముందు ముందు ఏం జరగవచ్చో అంత చిన్న మరక కొంత చెబుతుంది.

టాన్సిల్ దగ్గర పుట్టే కేన్సర్‌కు ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి పొగాకు. రెండోది హెచ్.పి.వి. అనే వైరస్. వైరస్ వల్ల వచ్చినదైతే మామూలుగా ఆ గోధుమరంగు తేలుతుంది. అలాంటిది రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. తగ్గి, ఏళ్ల తరబడి బతికేవాళ్లే ఎక్కువ. మన వైపు ఈ రకం తక్కువ, మీకు అదే వచ్చింది. ఈ జబ్బులో వినదగ్గ మంచి వార్త ఇదే అత్తా.

నాలుగైదు ఆసుపత్రుల నుంచి ఇలాంటి ముక్కలు తెప్పించి, ఏ గుర్తు ఉన్నవాళ్లు ఎలా ఉన్నారని ఏళ్ల తరబడి గమనించడం మా ల్యాబులో జరుగుతున్న పని. మీ డాక్టరు మీ సంతకం తీసుకున్నది దానికే. మీ ముక్క కూడా ఇక్కడికి వస్తుంది, ఇంకో పరీక్ష చేస్తారు. సొంతవాళ్లది నేను చూడకూడదు. మా సీనియర్ వినోదిని అక్క చూస్తుంది. ఆమె తొందరపడి ఏ మాటా చెప్పదు. ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను.

కమ్మలు మీ చెవులకే ఉండనివ్వండి.

మీ మేనకోడలు పిల్ల
అభిరామి


మాట్టుతావణి, మదురై
26 జూలై 2022

కణ్ణు,

మీ మామ చెల్లెలు పాప్పమ్మాళ్ ఇంట్లో ఉన్నాను. బస్టాండు పక్కనే. తెల్లవార్లూ హారన్లు. ఇక్కడి నుంచి రేడియేషన్‌కు ఆసుపత్రికి రోజూ ఆటోలో పోయి వస్తున్నాను. మొహానికి అచ్చు తీసి వల లాంటి ముసుగు చేశారు. దాన్ని బల్లకు బిగిస్తే తల కదలదు. మొదటి రోజు ఊపిరి ఆడక చేతులు కొట్టుకున్నాను.

బెంచీ మీద నా పక్కన ఒక మొగుడూ పెళ్లాలు కూర్చుంటారు. "నొస్తే చెప్పయ్యా, దాచుకోవద్దు" అని ఆమె అతనితో అంటుంటే తిరిగి చూశాను. మన తెలుగు మాటే. అతని పేరు కరుప్పన్, కూరగాయల మార్కెట్టులో మూటలు మోసేవాడు. ఆమె ఆరాయి, కార్పొరేషన్‌లో వీధులు ఊడుస్తుంది. మన ఊళ్లో అయితే వాళ్లూ నేనూ ఒక బెంచీ మీద కూర్చోము. ఇక్కడ మూడోరోజుకే ఆరాయి నన్ను అక్కా అంది. కరుప్పన్‌కు మాట పూర్తిగా పోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ముసుగు చూసి వణికితే, అతను లేచి వెళ్లి తన ముసుగు తెచ్చి మొహానికి పెట్టుకుని, తీసి, నవ్వుతాడు. నాకూ అలాగే చూపించాడు. ఆ తర్వాత నా చేతులు కొట్టుకోలేదు.

ఇంటి సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నీ ఉత్తరంలోని మంచి వార్త చెప్పగానే ముకుంద్ ఫోనులో ఆ వైరస్ పేరు వెదికాడు. ఏం చదివాడో నాకు చెప్పలేదు. రంజనికి చెప్పాడు. మర్నాడు నా గ్లాసు, కంచం వేరే గూట్లో ఉన్నాయి. తర్వాత మీ మామ చెవిన పడింది. ఆడామగా కలయిక వల్ల వచ్చే వైరస్ అట. నలభై ఏళ్ల కాపురం తర్వాత ఆయన నన్నొకసారి చూసి ఊరుకున్నారు. ఏమీ అడగలేదు. మదురై బస్సులో నన్ను కూర్చోబెట్టి, ఆయన వేరే వరుసలో కూర్చున్నారు. అడిగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు అసలు మాట. నోరంతా పుండ్లు. మంచినీళ్లు మింగినా కారం పోసినట్టుంటుంది. ఉప్పూ పులుపూ తెలియవు. ముక్కులో గొట్టం వేసి గంజి పోస్తున్నారు. నాది మంచి రకం అని నువ్వే రాశావు. మంచి రకానికి ఇంత శిక్ష ఎందుకు, సగం చాలదా? వచ్చే సోమవారం నుంచి రానని డాక్టరుకు రాసి చూపించాను. ఆయన చాలాసేపు వాదించారు. మా మేనకోడలు పెద్ద డాక్టరు, ఆమె చెప్పిందే నమ్ముతాను అని రాశాను.

ముకుంద్ రేపు మోటారు విడిభాగాల కోసం అక్కడికి వస్తున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను.

అలసిపోయిన
మీ అత్త


కోయంబత్తూరు
30 జూలై 2022

అత్తకు,

ఇది పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని నాన్న చేతికిచ్చి బస్సెక్కించాను. మీ డాక్టరుతో మాట్లాడి, ఆయన రాయమన్నాకే రాస్తున్నాను.

మీ రెండో పరీక్ష వచ్చింది. గోధుమరంగు తేలితే వైరస్ ఉందని చాలామందిలో అనుకోవచ్చు. కానీ కొద్దిమందిలో రంగు ఉంటుంది, వైరస్ ఉండదు. అందుకే వైరస్ ఆనవాళ్లనే నేరుగా వెదికే పరీక్ష ఇంకొకటి చేస్తారు. వినోదిని అక్క చేసింది. నమ్మకం చాలక కొత్త ముక్క కోసి మళ్లీ చేసింది. మీలో వైరస్ లేదు.

ఇది నేను ముందు రాసినంత మంచి వార్త కాదు. రంగు, వైరస్ రెండూ కనిపించినవాళ్లకు బతుకు మీద ఎక్కువ ఆశ. రెండూ లేనివాళ్లకు తక్కువ. మీరు ఆ ఇద్దరికీ మధ్యన ఉన్నారు. నిజమే రాయమన్నారు కాబట్టి మెత్తబరచకుండా రాస్తున్నాను. రెండో పరీక్ష వచ్చేదాకా ఆగి మొదటి ఉత్తరం రాసి ఉంటే మీకు ఈ తికమక తప్పేది.

ఇంకొకటి. రెండూ కనిపించినా నేను మిమ్మల్ని వైద్యం ఆపనిచ్చేదాన్ని కాదు. ఈ రకానికి వైద్యం తగ్గించవచ్చా అని పై దేశాల్లో వందలమంది మీద చూశారు. రేడియేషన్‌తో పాటు ఇచ్చే మందు మార్చి తేలిక చేసినచోట జబ్బు ఎక్కువమందికి తిరిగి వచ్చింది. మా గుర్తులు ముందేం జరగవచ్చో చెబుతాయి. ఇప్పుడు చేస్తున్నది ఆపమని ఎవరికీ చెప్పవు. మీ గొంతు ఎంత మండుతోందో నేను ఊహించలేను. అయినా సోమవారం వెళ్లండి అత్తా. ఆ తర్వాత రోజూ వెళ్లండి.

ముకుంద్ బావకు కూడా నేను ఫోనులో చెప్పాను. ఆ వైరస్ లోకంలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలి, వాళ్లకు తెలియకుండానే పోతుంది. ఎక్కడో కొందరిలో నిలిచి, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. గ్లాసు వల్ల అంటదు. ఎవరి నడతకూ అది సాక్ష్యం కాదు. మీలో లేదని విని ఇంట్లో అందరూ తేలికపడతారేమో, కానీ అది ఉన్నా మీరు తల దించుకోవలసిన పని లేదు.

నాన్న తిరిగి వచ్చి ఏం చెబుతాడా అని ఎదురుచూస్తూ
అభిరామి


చిన్నమనూరు
20 అక్టోబర్ 2022

కణ్ణు అభిరామీ,

కలం పట్టే ఓపిక ఇప్పటికి వచ్చింది. వైద్యం మొత్తం అయింది. ఒక్క రోజు మానలేదు. గొట్టం తీసేశారు. నిన్న రసం అన్నం మెత్తగా కలుపుకుని తిన్నాను. పులుపు కొంచెం తెలిసింది.

నీ ఉత్తరం ఆ రోజు ఆటోలోనే చదివాను. మీ నాన్న నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. మొదట నీ మీదే కోపం వచ్చింది. మంచి వార్త చేతికిచ్చి మళ్లీ లాక్కున్నట్టనిపించింది. రెండోసారి చదివితే, ఇలా రాయడానికి నువ్వెంత గుండె చిక్కబట్టుకున్నావో తెలిసింది. మనవాళ్లలో ఇంకెవరైనా అయితే పరవాలేదు, పరవాలేదు అంటూ నన్ను సాగనంపేవాళ్లు. నువ్వు చెప్పావు కాబట్టి వెళ్లాను. నిన్ను చూస్తే గర్వంగా ఉంది. ఇది ఎదురుగా ఉంటే చెప్పను, అందుకే రాస్తున్నాను.

వైరస్ లేదంట నాయనా అని ముకుంద్ తండ్రికి చెప్పిన రోజు మీ మామ నా పక్కన కూర్చుని గంజి చల్లార్చారు. మొహం వెలిగిపోతోంది. నాకు ఒళ్లు మండింది. నేను బతికే ఆశ తగ్గిందన్న వార్త ఇది, మీకు సంతోషంగా ఉందా అని తమిళంలో రాసి చూపించాను. చదివి గంజి గిన్నె కింద పెట్టారు.

"నీ మీద అనుమానమని అనుకుంటివా జానకీ," అన్నారు. "నా వల్లే నీకు వచ్చెనేమో అని చస్తా ఉంటిని. అడిగేదానికి ధైర్యం చాలలేదు."

ఎందుకు అలా అనుకున్నారని నేను అడగలేదు. గొట్టం కొస అందించాను, గంజి పోశారు. ఇంటికి వచ్చాక నా గ్లాసు, కంచం రంజనే తెచ్చి అందరివాటితో కలిపి పెట్టింది.

కరుప్పన్ సంగతి నీకు చెప్పాలి. అతనికి రంగు తేలలేదు, వైరస్ లేదు. డాక్టరు దాచకుండా చెప్పారు. తీసిన ముక్కలో మిగిలింది కోయంబత్తూరు ల్యాబుకు పంపవచ్చా, మీరు ఎలా ఉన్నారని ఏటేటా అడగవచ్చా అన్నారు. కరుప్పన్ చేత్తో సైగ చేశాడు. ఆరాయి అతని తరఫున అడిగింది.

"దాంట్లో ఆయనకు ఏమైనా మేలు ఉండాదా సార్?"

"ఆయనకు ఉండకపోవచ్చు. తర్వాత వచ్చేవాళ్లకు ఉంటుంది."

ఆమె మొగుడి మొహం చూసింది. అతను తల ఊపాడు. "ఎత్తుకోండి సార్, ఆయన చాలినంత మూటలు మోసినాడు, ఇదేమి బరువు అంటా ఉండాడు" అంది. ఆ మాట అతను సైగలో చెప్పాడో, ఆమే కల్పించిందో నాకు తెలియదు. ఇద్దరూ నవ్వారు. తన ఆశ తక్కువని విన్న మనిషి మర్నాడు అందరికంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కొత్తవాళ్లకు ముసుగు చూపించడం మానలేదు.

గొంతు బొంగురుగా వస్తోంది. తోటలో పిలవడానికి చాలదు, మీ మామను పిలవడానికి చాలుతుంది.

మీ
జానకి అత్త


కోయంబత్తూరు
8 డిసెంబర్ 2024

అత్తకు,

కరుప్పన్ గారు పోయిన సంగతి మీ ఉత్తరం చూసి తెలిసింది. వెంటనే జవాబు రాయలేకపోయాను. నేను ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. మీ ఉత్తరాల వల్ల ఎరిగిన మనిషిలా ఉండేవారు. జబ్బు మెడలోకి తిరిగి వచ్చాక కూడా ఏడాది పైన నిలబడ్డారంటే ఆరాయి గారి చాకిరీ ఎంత ఉండి ఉంటుందో.

మీ స్కాన్ ఈసారి కూడా శుభ్రంగా ఉందని మీ డాక్టరు చెప్పారు. దానికి నేను ఎంత సంతోషించానో రాయను, మీకు తెలుసు.

మా పని ఒక కొలిక్కి వచ్చింది. పోయిన వారం చెన్నైలో డాక్టర్ల సభలో వినోదిని అక్క చదివింది. నన్ను కూడా వేదిక మీదికి పిలిచింది. తెర మీద వేసిన బొమ్మ ప్రింటు తీసి దీనితో పంపుతున్నాను. ఎలా చూడాలో రాస్తాను. గీతలు మూడు. పైన ఉన్నది గోధుమరంగు, వైరస్ రెండూ ఉన్నవాళ్లది. కింద ఉన్నది రెండూ లేనివాళ్లది. మధ్యది మీలాంటివాళ్లది. ఎడమ నుంచి కుడికి కాలం. గీతలో ఎవరైనా పోయినప్పుడల్లా అది ఒక మెట్టు దిగుతుంది. బతికి ఉన్నవాళ్లను చివరిసారి చూసినచోట గీత మీద సన్నని నిలువు గాటు పెడతాం.

మా దగ్గర పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. ఏ మెట్టు ఎవరిదో నాకు తెలియదు, తెలియకూడదు. ఇన్నాళ్లూ ఆ బొమ్మను లెక్కల బొమ్మగానే చూశాను. ఆ రోజు వేదిక మీద నిలబడి కింది గీత చూస్తే అది లెక్కగా కనిపించలేదు. తమకు మేలు జరగదని తెలిసీ ఎత్తుకోండి అన్నవాళ్లు ఆ గీత నిండా ఉన్నారు. మేం గాజు పలకల్లో చూసి చెప్పినదల్లా వాళ్లు ఇచ్చినదే.

మధ్య గీత ఉందని మన దగ్గరి మనుషుల్లో ఇంత స్పష్టంగా చూడడం మాకు ఇదే మొదలు. ఈ ఆసుపత్రులన్నీ ఒక మాట అనుకున్నాయి. రెండో పరీక్ష రాకముందు ఏ రోగికీ నీది మంచి రకం అని చెప్పరు. చిన్న మార్పే. కానీ ఇంకో అత్త సగంలో వైద్యం మానుకుంటానని డాక్టరుకు రాసి చూపించే పరిస్థితి రాదు.

వీలైతే ఆరాయి గారికి ఇది చూపించండి. చూపించడం తప్పనిపిస్తే వద్దు. మీకే తెలుస్తుంది.

అభిరామి


చిన్నమనూరు
19 జనవరి 2025

కణ్ణు అభిరామీ,

నిన్న మదురై వెళ్లి వచ్చాను. చెకప్పు అయ్యాక మీ మామను పాప్పమ్మాళ్ ఇంట్లో కూర్చోబెట్టి, నేనొక్కదాన్నే ఆరాయి ఇంటికి నడిచాను. మార్కెట్టు వెనక సందు. పని నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నన్ను చూసి చాప పరిచి, కాఫీ పెట్టింది. నాకు వేడి పడదని ఆమెకు గుర్తే. రెండు గ్లాసుల్లో అటూ ఇటూ తిరగబోసి, వేలు ఆనించి చూసి ఇచ్చింది.

కాగితం తీయాలా వద్దా అని సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆమే అడిగింది.

"ఆయన దగ్గర ఎత్తిన ముక్క ఏమాయె అక్కా? పనికి వచ్చెనా?"

అప్పుడు తీశాను. నేల మీద పరిచి, నువ్వు రాసినట్టే చెప్పాను. మూడు గీతలు చూపించాను. కరుప్పన్ కింది గీతలో ఉన్నాడని చెప్పాను. మెట్టు అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు. కాగితం దగ్గరికి వంగింది.

"ఇన్ని మెట్లా?" అంది.

"ఆమా, ఇన్ని."

"ఆయనది ఏది?"

"తెలియదు ఆరాయీ. పేర్లు ఉండవంట. చేసినవాళ్లకే తెలియదు."

కాసేపు ఆ మెట్లన్నీ చూసింది. తర్వాత మొదటి మెట్టు మీద వేలు పెట్టి, మూటలు దించేవాడి వెనక నడిచినట్టు ఒక్కో మెట్టూ దిగుతూ పోయింది. దేని దగ్గరా ఎక్కువసేపు ఆగలేదు, దేన్నీ వదల్లేదు. చివరికి వచ్చాక, "ఆయన తరువాత వచ్చినోళ్లకు మేలు అని డాక్టరు చెప్పె. జరిగెనా?" అని అడిగింది.

మీ ఆసుపత్రుల్లో వచ్చిన మార్పు చెప్పాను. రెండు పరీక్షలూ అయ్యాకే రోగికి చెబుతారనీ, నాలాగా ఎవరూ పొరబడి మధ్యలో ఆపరనీ చెప్పాను. ఆమె అంతా విని తల ఊపింది. పని బాగా చేసిన మనిషి గురించి విన్నప్పుడు ఊపినట్టే.

"నువ్వు ఎక్కడుండావక్కా?"

మధ్య గీత చూపించాను. అందులో కుడివైపు సన్నగా నిలువు గాట్లు ఉన్నాయి కదా. అవి బతికి ఉన్నవాళ్లవి, వాటిలో ఏదో ఒకటి నేను, ఏదో తెలియదు అన్నాను. ఆమె కళ్లు దగ్గర పెట్టి చూసింది. రోజంతా చీపురు పట్టిన చెయ్యి, వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఆ సన్న గాట్లు ఆ వేలి కింద కనబడకుండా పోయాయి. వేలు తీయలేదు.

"ఇక్కడే ఉండక్కా," అంది.

జానకి అత్త